గొట్టం ద్వారా ఆహారం తీసుకునే రోగికి కడుపు చెడినప్పుడు

నోటితో మింగలేని రోగికి ముక్కు గుండా గానీ, పొట్టపై చేసిన చిన్న రంధ్రం గుండా గానీ సన్నని గొట్టం వేసి ద్రవాహారం అందించడాన్ని నాళాహారం అంటారు. ఆసుపత్రులలో దీనిని ట్యూబు ఫీడింగు అనీ, ముక్కు గొట్టాన్ని రైల్స్ ట్యూబు అనీ వ్యవహరిస్తారు. జాన్ ఆల్ఫ్రెడ్ రైల్ అనే ఆంగ్ల వైద్యుడు 1921లో దీనిని వర్ణించినందున ఆ పేరు నిలిచిపోయింది. జీర్ణరసాన్ని పరీక్షకు తీయడానికి పుట్టిన ఆ గొట్టమే ఈనాడు మన ప్రాంతపు ఆసుపత్రులలో వేలాది మందికి అన్నం పెట్టే దారి అయింది.

కోలారు జిల్లాలోనూ, దానిని ఆనుకొని ఉన్న కుప్పం, వి.కోట, పలమనేరు, పుంగనూరు ప్రాంతాలలోనూ ఈ గొట్టం అవసరమయ్యే రోగులలో పక్షవాతం వచ్చినవారు, తలకు దెబ్బ తగిలినవారు, పురుగుమందు మింగి వెంటిలేటరుపై ఉన్నవారు, నోటి క్యాన్సర్‌కు శస్త్రచికిత్స జరిగినవారు ముఖ్యులు. ఆకువక్కతోనూ కడ్డిపుడితోనూ పొగాకు నమిలే అలవాటు ఇక్కడి స్త్రీలలో కూడా ఉన్నందున, కోలారు ప్రాంతంలో నోటి క్యాన్సర్ ఎక్కువ. వీరికి తోడు కె.జి.ఎఫ్. గని కుటుంబాలలోని పెద్దవారు ఉన్నారు. భారతదేశంలో సిలికోసిస్ వ్యాధి మొట్టమొదట నమోదైనది కోలారు బంగారు గనులలోనేనని, అది 1947లోనని వైద్య పాఠ్యగ్రంథాలు చెబుతాయి. రాతిధూళితో ఊపిరితిత్తులు గట్టిపడినవారికి ఆహారం చుక్క దారి తప్పి శ్వాసనాళంలోకి పోయినా ప్రమాదమే. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడిన పిదప కంపెనీ వైద్యమనే ఆసరా వీరికి లేకుండా పోయింది. నేడు వారు కోలారులోని ఎస్.ఎన్.ఆర్. జిల్లా ఆసుపత్రికో, టమకలోని జాలప్ప ఆసుపత్రికో, కుప్పం పి.ఇ.ఎస్.కో, రైలెక్కి బెంగళూరుకో, లేదా వేలూరుకో పోవలసి వస్తున్నది.

ఎక్కడ చేర్చినా గొట్టంలో ఆహారం పోసే పని చివరకు రోగి దగ్గర కూర్చున్న ఇంటివారి చేతికే వస్తుంది. నర్సు ఒకటి రెండుసార్లు చూపిస్తుంది. తరువాత సిరంజి కూతురిదో కోడలిదో అవుతుంది. నాలుగు రోజులకు విరేచనాలు మొదలవుతాయి, లేదా కడుపు డోలు వలె ఉబ్బుతుంది. అప్పుడు ఇంటివారు సహజంగా చేసే పని ఆహారం ఆపివేయడం. కడుపు చెడితే లంకణం పరమౌషధమని మన పెద్దలు అన్నమాట నిజమే. అయితే ఆ మాట తిండి తింటూ, పని చేసుకుంటూ ఉండగా అజీర్తి చేసినవానికి చెప్పినది. జబ్బుతో కండ కరిగిపోతున్న మనిషికి అది వర్తించదు. గొట్టం రోగిలో కనబడే జీర్ణ సమస్యలలో అధిక భాగానికి కారణం ఆహారం కాదు. మందులో, పోసే వేగమో, శుభ్రతాలోపమో, పడుకోబెట్టిన తీరో కారణమవుతుంది. కావున కారణాన్ని వెదకి సరిచేయాలి. ఆహారం ఆపడం వైద్యుని నిర్ణయంగా ఉండాలి. ఆపవలసిన సందర్భాలు కొన్ని లేకపోలేదు. వాటిని కూడా ఈ వ్యాసంలో చెబుతాము.

గంజి లెక్క

ముందుగా, ఆహారం సరిపోతున్నదా అన్నది చూడాలి. మంచం పట్టిన రోగికి సాధారణంగా కిలో బరువుకు రోజుకు 25 నుండి 30 కిలో కేలరీల శక్తి కావాలి. యాభై కిలోల మనిషికి ఇది 1250 నుండి 1500 వరకు అవుతుంది. మన ఇళ్లలో గొట్టంలో పోసే పలుచని రాగి గంజిలో, 200 మిల్లీలీటర్లకు సుమారు 20 గ్రాముల పిండి పడుతుంది. దానిలో ఉండే శక్తి 65 కిలో కేలరీలు మాత్రమే. రోజుకు ఆరుసార్లు పోసినా 400 దాటదు. అంటే కడుపు నిండా పోశామని ఇంటివారు అనుకుంటూ ఉండగానే రోగి మూడో వంతు తిండితో బతుకుతున్నాడన్నమాట. అందులో విరేచనాలని రెండు రోజులు ఆపితే పుండ్లు మానవు, దగ్గడానికి కూడా బలం చాలదు.

చిక్కగా పోద్దామంటే గొట్టం మూసుకుపోతుంది. రాగి పిండి ఉడికితే దానిలోని పిండిపదార్థం నీరు పీల్చి బంకవలె అవుతుంది కదా. దీనికి ఉపాయం మన వంటింటిలోనే ఉన్నది. రాగులను ఒక రాత్రి నానబెట్టి, గుడ్డలో మూటకట్టి, మొలకలు వచ్చిన పిదప నీడన ఆరబెట్టి, మొలకలను నలిపి తీసివేసి పిండి పట్టించాలి. మొలకెత్తే సమయంలో గింజలో అమైలేజ్ అనే ఎంజైము పుడుతుంది. అది పిండిపదార్థాన్ని చిన్న ముక్కలుగా విరగ్గొట్టి, చిక్కని జావను పలుచన చేస్తుంది. వడోదరాలోని మహారాజా సయాజీరావు విశ్వవిద్యాలయపు పోషకాహార శాస్త్రజ్ఞులు 1980ల నుండి పసిపిల్లల ఆహారం కోసం ఈ సూత్రాన్ని అధ్యయనం చేశారు. గింజలను బాగా వేయిస్తే మాత్రం ఆ ఎంజైము నశిస్తుంది. కావున అంగడిలో దొరికే ప్రతి రాగిమాల్టూ ఈ పని చేయదు. మామూలు పిండితో చిక్కగా జావ కాచి, పొయ్యి దించి, మరుగు తగ్గిన తరువాత ఒక చెంచా మొలకల పిండి కలిపితే కొద్ది నిమిషాలలోనే జావ పలుచనవుతుంది. దానిని మరల ఒక పొంగు రానిచ్చి, సన్నని గుడ్డలో వడగట్టి వాడవచ్చు. ఒకే గ్లాసులో గణనీయంగా ఎక్కువ పిండి ఇముడుతుంది.

రాగి ఒక్కటే చాలదు. మాంసకృత్తుల కొరకు పాలు, పప్పు తేట, ఆసుపత్రివారు చెప్పిన పౌడరు కలపాలి. ఒక చెంచా నూనె సుమారు 45 కిలో కేలరీలు ఇస్తుంది. పచ్చి గుడ్డు కలిపే అలవాటు కొందరికి ఉన్నది. దానిలోని సాల్మొనెల్లా క్రిములు విరేచనాలకు కారణం కాగలవు కావున అది కూడదు. మధుమేహం, మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఏది ఎంత కలపాలో ఆసుపత్రిలోని పోషకాహార నిపుణుల వద్ద రాయించుకోవాలి.

ఇందుకు వ్యతిరేకమైన ప్రమాదం కూడా ఒకటి ఉన్నది. నోటి పుండుతో నెలల తరబడి తినలేక ఎముకల గూడైన రోగికి, లేదా చాలాకాలం సారాయితోనే గడిపినవానికి, గొట్టం వేసిన మొదటి రోజునే నిండుగా పోస్తే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం ఒక్కసారిగా పడిపోతాయి. గుండె లయ తప్పవచ్చు. దీనిని రీఫీడింగ్ సిండ్రోమ్ అంటారు. ఇటువంటివారికి కిలో బరువుకు రోజుకు 10 కిలో కేలరీలకు మించకుండా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూస్తూ కొద్ది రోజులలో పెంచాలనీ, ముందుగా థయామిన్ ఇవ్వాలనీ బ్రిటన్‌లోని నైస్ సంస్థ 2006లో సూచించింది. ఆసుపత్రివారు మొదటి రోజులలో కొంచెమే పోయమంటే అది పిసినారితనం కాదు.

నీళ్ల విరేచనాలు

నాళాహారంలో అందరినీ భయపెట్టేది ఇదే. ద్రవాహారం తీసుకునే మనిషికి మలం మెత్తగా ఉండడం సహజం. రోజుకు మూడుసార్లు గానీ అంతకు మించి గానీ నీళ్లవలె పోతేనే విరేచనాలుగా లెక్కించాలి. అప్పుడు మొట్టమొదట అనుమానించవలసినది గొట్టంలో పోసే మందులను.

మాత్ర నూరే శ్రమ లేకుండా ఇచ్చే తియ్యని సిరప్పులలో చాలావాటికి సార్బిటాల్ అనే పదార్థం కలుపుతారు. ప్రేగు దానిని సరిగా పీల్చుకోలేదు. అది నీటిని ప్రేగులోకి లాగి విరేచనం చేస్తుంది. జ్వరం సిరప్పు, దగ్గు సిరప్పు, పొటాషియం సిరప్పు అన్నీ కలిసి రోజుకు పదిసార్లు పడుతుంటే, తప్పు గంజిది ఎట్లా అవుతుంది? మెగ్నీషియం కలిసిన గ్యాస్ మందులు కూడా ఇదే పని చేస్తాయి. పొటాషియం సిరప్పును నీటితో పలుచన చేయకుండా పోస్తే కడుపులో మంట, వాంతి, విరేచనం మూడూ రావచ్చు. కావున రోగికి ఇచ్చే మందులన్నిటి చీటీ, సీసాలతో సహా, వైద్యునికి చూపి, “వీటిలో విరేచనం చేసేది ఏదైనా ఉన్నదా?” అని అడగాలి. తరచుగా ఆ ఒక్క ప్రశ్నతోనే సమస్య తీరుతుంది.

తరువాత వచ్చేవి యాంటీబయాటిక్స్. ఇవి ప్రేగులోని మేలుచేసే సూక్ష్మజీవులను కూడా చంపుతాయి. కొందరిలో క్లాస్ట్రిడియం డిఫిసిలే అనే క్రిమి అదను చూసి పెరిగి జ్వరం, కడుపునొప్పి, దుర్వాసనతో కూడిన విరేచనాలు కలిగిస్తుంది. అటువంటప్పుడు మందుల అంగడిలో విరేచనాలు కట్టే మాత్ర కొని నూరి పోయడం ప్రమాదకరం. విషం లోపలే నిలిచిపోతుంది. మలపరీక్ష చేయించిన తరువాతనే మందు వాడాలి.

మూడవది శుభ్రత. ఉదయం ఇంటినుండి క్యారియరులో తెచ్చిన గంజిని సాయంత్రం వరకు వార్డు గట్టుమీద పెట్టి పోయడం మనవద్ద సర్వసాధారణం. వేసవిలో అది క్రిములకు మంచి పంట పొలం. ఇంటిలో చేసిన ఆహారాన్ని బయట రెండు గంటలకు మించి ఉంచరాదు. నీటిలో కలిపిన పౌడరుకు నాలుగు గంటలే గడువు. ఫ్రిజ్‌లో పెట్టినా 24 గంటల తరువాత పారవేయాలి. దూరపు పల్లెనుండి వచ్చినవారికి వార్డులోనే పౌడరు కలుపుకోవడం ఖర్చైనా మేలు. కాచి చల్లార్చిన నీరు, సబ్బుతో కడిగిన చేతులు, ప్రతిసారీ కడిగి ఆరబెట్టిన సిరంజి, వడగట్టే గుడ్డను రోజూ ఉడకబెట్టడం అవసరం. ఇంటిలో అందరికంటే ఎక్కువగా అశ్రద్ధకు గురయ్యేది ఆ గుడ్డే.

పోసే వేగం గురించి కూడా చెప్పాలి. బంగారుపేట బండికి వేళవుతున్నదని 300 మిల్లీలీటర్లను రెండు నిమిషాలలో సిరంజితో నెట్టివేస్తే ఏ కడుపూ ఓర్చుకోదు. సిరంజి పిడి తీసివేసి, గొట్టానికి తగిలించి, చేతి ఎత్తులో పట్టుకొని, దానంతట అది దిగేటట్లు 200 నుండి 250 మిల్లీలీటర్లకు ఇరవై నుండి ముప్పై నిమిషాలు తీసుకోవాలి. ఆహారం మరీ చల్లగా ఉండకూడదు. పాలతో విరేచనాలు పెరుగుతున్నాయని తోస్తే రెండు రోజులు పాలు మాని పెరుగు తేటతోనో, లాక్టోజ్ లేని పౌడరుతోనో పరీక్షించవచ్చు. పెద్దవారిలో చాలామందికి పాలలోని చక్కెర అరగదు.

పొట్టలోకి కాక చిన్నప్రేగులోకే గొట్టం వేసిన రోగుల సంగతి వేరు. అన్నవాహిక క్యాన్సర్‌కు బెంగళూరులోనో వేలూరులోనో శస్త్రచికిత్స చేయించుకొని వచ్చేవారిలో ఇటువంటివారు ఉంటారు. ప్రేగుకు జీర్ణాశయం వలె నిల్వచేసుకునే శక్తి లేదు. వీరికి సిరంజితో గ్లాసుల కొద్దీ పోయరాదు. చుక్కలు చుక్కలుగా, గంటల తరబడి మాత్రమే ఇవ్వాలి. ఇంటికి పంపే ముందు “గొట్టం పొట్టలో ఉన్నదా, ప్రేగులో ఉన్నదా?” అని అడిగి చీటీపై రాయించుకోవాలి.

విరేచనాలు జరుగుతున్నప్పుడు ఆహారాన్ని పూర్తిగా ఆపక, ఒక్కొక్కసారికి ఇచ్చే పరిమాణం తగ్గించి, సార్లు పెంచాలి. పోయిన నీటికి బదులుగా ఓ.ఆర్.ఎస్. కూడా గొట్టం ద్వారానే ఇవ్వవచ్చు. పొట్లం మీద రాసినంత నీటిలోనే కలపాలి. గుండె, మూత్రపిండాల రోగులకు మాత్రం ఎంత ఇవ్వాలో వైద్యుడే చెప్పాలి.

ఉబ్బరం, వాంతి

కడుపు ఉబ్బి, వాంతి అయ్యే రోగిలో తొలి భయం వాంతి ఊపిరితిత్తులలోకి పోవడమే. ఆహారం పోసేటప్పుడూ, పోసిన తరువాత కనీసం అరగంట నుండి గంట వరకూ, తలవైపు 30 నుండి 45 డిగ్రీల ఎత్తులో ఉండాలి. తలకింద దిండ్లు పేర్చితే మెడ మాత్రమే వంగి, పొట్ట నొక్కుకుపోతుంది. నడుము నుండి పైభాగమంతా లేవాలి. ఇంటిలో మడత మంచం లేకుంటే తలవైపు కోళ్ల కింద గట్టి ఇటుకలు పెట్టి మంచాన్ని ఎత్తవచ్చు. పోసిన వెంటనే పక్క మార్చడం, వీపు తట్టడం చేయరాదు.

ఆహారం పోసే ముందు సిరంజితో లాగి, కడుపులో మిగిలినది ఎంతో చూడడం మన వార్డులలో పాత ఆచారం. కొంచెం ఎక్కువ వస్తే ఆ పూట ఆహారం మానివేయడం కూడా ఆచారమే. ఈ విషయంలో వైద్యుల అభిప్రాయం మారింది. ఫ్రాన్సులో వెంటిలేటరుపై ఉన్న సుమారు 450 మంది రోగులపై జరిగి 2013లో వెలువడిన అధ్యయనంలో, ఇలా కొలవకపోయినా న్యుమోనియా పెరగలేదని తేలింది. ఇతర లక్షణాలేవీ లేనప్పుడు మిగులు 500 మిల్లీలీటర్ల లోపు ఉంటే ఆహారం ఆపవద్దని అమెరికా నిపుణుల సంఘాలు 2016లో సూచించాయి. అయితే ఇవి నర్సు ఎల్లవేళలా పక్కనే ఉండే ఇంటెన్సివ్ కేర్ లెక్కలు. గొంతులో రక్షణ గొట్టం లేక, దగ్గలేక, ఇంటిమంచంపై ఉన్న పక్షవాత రోగికి వాటిని అట్లాగే అన్వయించడం తగదని మా అభిప్రాయం. ఇంటికి వెళ్లేవారు తమ రోగికి ఎంత మిగులు వస్తే ఆగాలో నర్సునడిగి సంఖ్య రాయించుకోవాలి. ఒక్కసారి ఎక్కువ వచ్చిందని రోజంతా ఆపనక్కరలేదు. గంటసేపు ఆగి, మరల చూసి, తగ్గించి పోయవచ్చు.

దీర్ఘకాలపు మధుమేహంలో కడుపు కదలిక మందగిస్తుంది. నొప్పికి ఇచ్చే మార్ఫిన్ జాతి మందులు కూడా అదే చేస్తాయి. ఇటువంటివారికి కొద్దికొద్దిగా ఎక్కువసార్లు ఇవ్వడమే మేలు. కదలిక పెంచే మెటోక్లోప్రమైడ్, డోమ్‌పెరిడోన్ వంటి మందులు ఉన్నవి గానీ, అవి వణుకు, గుండె లయ మార్పులు తేగలవు. పాత చీటీ చూపి కొనరాదు. సిరంజిలో గాలి మిగలకుండా చూసుకోవడం చిన్న విషయమే అయినా ఉబ్బరాన్ని చాలా తగ్గిస్తుంది.

మలబద్ధకం

నీరు చాలక, కదలిక లేక వస్తుంది. ప్రతి ఆహారానికీ ముందూ వెనుకా 30 మిల్లీలీటర్ల నీరు పోస్తే గొట్టమూ శుభ్రపడుతుంది, నీరూ కొంత చేరుతుంది. వైద్యుడు వద్దనకుంటే మధ్యలో ఇంకొంత పోయవచ్చు. ఇసబ్‌గోలు గొట్టంలో పోయరాదు. అది ఉబ్బి నిమిషాలలో గొట్టాన్ని మూసివేస్తుంది. ఇక్కడ ఒక మోసం ఉన్నది. వారం రోజులు మలం కాక, తరువాత కొంచెం కొంచెంగా నీళ్లవలె కారుతుంటే అది విరేచనం కాకపోవచ్చు. గట్టిపడిన మలం అడ్డుపడి దాని పక్కనుండి నీరు జారుతూ ఉండవచ్చు. అప్పుడు విరేచనాలు కట్టే మందు ఇస్తే పరిస్థితి మరింత విషమిస్తుంది. చివరిసారి మామూలుగా మలమైన రోజు ఏదో వైద్యునికి తప్పక చెప్పాలి.

సరిహద్దు దాటినప్పుడు మాట

తెలుగు పల్లెనుండి పోయినవారు వార్డులో బాధ చెప్పుకోలేక సతమతమవుతారు. వాంతి అన్నమాట కన్నడంలోనూ అదే, తమిళంలో వాంది. విరేచనాలకు కన్నడంలో భేది అంటే చాలు, తమిళంలో వయిట్రుప్పోక్కు అనాలి. కడుపు ఉబ్బరానికి కన్నడంలో హొట్టె ఉబ్బర, తమిళంలో వయిట్రు ఉప్పుసం. మాటకంటే నోటుపుస్తకం మేలు. ఏ గంటకు ఎంత పోశారో, ఏ మందు ఇచ్చారో, ఎన్నిసార్లు విరేచనమో వాంతో అయిందో అంకెలలో రాసిపెడితే ఏ భాషవారైనా చదువుకుంటారు.

వెంటనే ఆపవలసినవి

పోస్తుండగా దగ్గు, ఆయాసం, పెదవులు నీలిబారడం కనబడితే ఆ క్షణమే ఆపి తల ఎత్తాలి. ముక్కు గొట్టంపై ముక్కు దగ్గర ఉండవలసిన గీత బయటకు జరిగివస్తే, అది కడుపులోనే ఉన్నదని నిర్ధారించేవరకు నీటిచుక్క కూడా పోయరాదు. గాలి ఊది స్టెతస్కోపుతో వినే పద్ధతిని నమ్మలేము. లాగిన రసాన్ని పి.హెచ్. కాగితంతో పరీక్షించినప్పుడు 5.5 లేదా అంతకు తక్కువ రావాలి. లేదా ఎక్స్‌రే తీయాలి. కడుపు రాయివలె గట్టిపడి గాలి కూడా పోకపోవడం, ఆగని వాంతులు, లాగినప్పుడు రక్తం గానీ కాఫీపొడి వంటి రసం గానీ రావడం, నల్లని మలం, జ్వరంతో విరేచనాలు, మూత్రం తగ్గి మత్తుగా ఉండడం కనబడితే ఆహారం ఆపి 108కు ఫోను చేయాలి. ఈ సేవ ఆంధ్ర, కర్ణాటక, తమిళనాడు మూడింటిలోనూ అదే సంఖ్యపై ఉన్నది. పొట్టపై వేసిన గొట్టం ఊడివస్తే తెల్లవారేదాకా ఆగరాదు. ఆ రంధ్రం కొన్ని గంటలలోనే కుంచించుకుపోతుంది. శుభ్రమైన గుడ్డ కప్పి, ఊడిన గొట్టాన్ని కూడా వెంట తీసుకొని, ఆ రాత్రికే ఆసుపత్రికి చేరాలి.